ఉద్యోగం, ఉద్యమం, సంసారం – మూడింటికీ పనికొచ్చే ఆన్‌లైన్ పనిముట్లు

(మన ఫోరం డాలస్ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం మధ్యాహ్నం పూట పిల్లల్ని ఈత క్లాసుకీ, కూచిపూడి క్లాసుకీ దింపి ఇక్కడికి వచ్చిన మీ అందరికీ ముందుగా ధన్యవాదాలు. వెనక టిఫిన్లు చల్లారిపోతున్నాయని కార్యదర్శి గారు ఇప్పుడే చెవిలో చెప్పారు, కాబట్టి త్వరగానే ముగిస్తాను.

నాకు ఇచ్చిన అంశం, రోజువారీ జీవితాన్ని, ఉద్యోగాన్ని సర్దుకోవడానికి పనికొచ్చే ఆన్‌లైన్ టూల్స్. ఈ గదిలో ముప్పాతిక మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. మీకు క్యాలెండర్ వాడటం నేర్పిస్తానని నిలబడితే తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుంది. అందుకని ఫలానా పది టూల్స్ అని జాబితా చదవను. మన పని ఎక్కడ చెడిపోతోందో, అక్కడ ఏ టూల్ పనికొస్తుందో చెబుతాను. ఏది పనికిరాదో కూడా చెబుతాను.

ఈ అంశం నేనెందుకు ఒప్పుకున్నానంటే, మన ఫోరంలోకి ఎంతో ఉత్సాహంగా వచ్చిన వాళ్ళు ఆరు నెలలు తిరక్కుండానే కనిపించకుండా పోతున్నారు. రాజీనామా చెయ్యరు, గొడవ పడరు, ఊరికే మాయమవుతారు. అలాంటి వాళ్ళలో నాకు తెలిసిన కొందరికి ఫోన్ చేసి అడిగాను. ఒక్కరు కూడా మన ఆశయాలతో విభేదించామని చెప్పలేదు. ఒక తమ్ముడు "అన్నా, రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే మా ఆవిడ ముఖం చూడలేకపోతున్నా" అన్నాడు. ఒక అక్క "రోజుకి మూడొందల మెసేజ్‌లు వస్తాయి గానీ నేను చెయ్యాల్సిన పని ఏమిటో ఒక్కరూ చెప్పరు" అంది. ఈ రెండు మాటల చుట్టూనే ఇవాళ నా ప్రసంగం.

ముందు టైమ్ సంగతి. మనది పన్నెండు గంటల తేడాతో బతికే ఉద్యమం. నిజానికి పన్నెండు కూడా కాదు, ఆ అరగంట ఒకటి అదనం. ఇక్కడ సెంట్రల్ టైమ్ వాళ్ళకి ఎండాకాలంలో ఇండియాతో తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మనం గడియారం మారుస్తాం. ఇండియాలో మార్చరు. మనందరికీ తెలిసిన విషయమే, అయినా ప్రతి నవంబర్‌లో ఏం జరుగుతుందో చూడండి. మనం మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి కాల్ పెట్టుకుంటాం. ఎండాకాలంలో అది అక్కడ బుధవారం ఉదయం ఎనిమిది. పాలమూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్ గారు ఆ ఎనిమిదింటికి మనకోసం ఇంటి అరుగు మీద కూర్చుని సిగ్నల్ వెతుక్కుంటారు. నవంబర్ వచ్చేసరికి మన తొమ్మిదిన్నర అక్కడ ఉదయం తొమ్మిది అవుతుంది. అది ప్రార్థన టైమ్, ఆయన బళ్ళో ఉండాలి. ఆయన రెండు వారాలు ఇబ్బంది పడి, మూడో వారం నుంచి ఫోన్ ఎత్తడం మానేస్తారు. మనమేమో "గ్రౌండ్ నుంచి సపోర్ట్ లేదు" అని మినిట్స్‌లో రాసుకుంటాం.

దీనికి మందు చాలా చిన్నది. గూగుల్ క్యాలెండర్‌లో ప్రతి మీటింగ్‌కీ విడిగా టైమ్ జోన్ పెట్టుకోవచ్చు. మీటింగ్ పెట్టేటప్పుడు సెంట్రల్ అని కాకుండా ఇండియా టైమ్ అని ఎంచుకోండి. అప్పుడు హెడ్మాస్టర్ గారికి ఏడాది పొడవునా ఎనిమిదే. మనకే చలికాలంలో ఎనిమిదిన్నరకి మారుతుంది. పిల్లల్ని పడుకోబెట్టే వేళ కాబట్టి మనకి కష్టమే, కాదనను. కానీ ఎవరి టైమ్ కదలాలి అన్నది టెక్నికల్ ప్రశ్న కాదు. ఊళ్ళో వాళ్ళ కోసం పనిచేస్తున్నామని చెప్పుకుంటున్నాం కాబట్టి, కదలాల్సింది మనమే అని నా అభిప్రాయం.

గల్ఫ్ సభ్యులు ఇంకా కష్టంలో ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి వెళ్ళి పనిచేస్తున్న వాళ్ళు మన పనిలో భాగం కావాలని అందరం అంటాం. ఇండియాలో ఉదయం ఎనిమిది అంటే కువైట్‌లో తెల్లవారుజామున ఐదున్నర. ఆ టైమ్‌కి వాళ్ళు కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటారు. కువైట్‌లో, సౌదీలో శుక్రవారం సెలవు. ఇప్పుడు ఎండాకాలం లెక్కలో మనం శుక్రవారం ఉదయం ఏడింటికి, ఆఫీసుకి వెళ్ళే ముందు కాల్ పెడితే, కువైట్‌లో మధ్యాహ్నం మూడు, ఇండియాలో సాయంత్రం ఐదున్నర. మూడు చోట్లా మనుషులు మెలకువగా ఉండి, కాస్త తీరిగ్గా ఉండే గంట వారం మొత్తంలో అదొక్కటే అనుకుంటా. నెలకి ఒక్కసారైనా ఆ గంటని వాళ్ళకి ఇద్దాం.

క్యాలెండర్ విషయంలోనే ఇంకో మాట. ఆఫీసుది, ఇంటిది, ఫోరంది మూడూ వేరువేరు క్యాలెండర్లుగా పెట్టుకుని, ఫోన్‌లో మూడూ ఒకేచోట కనబడేలా చేసుకోండి. ఇంటి క్యాలెండర్‌ని మీ శ్రీవారితోనో శ్రీమతితోనో షేర్ చెయ్యండి. డెంటిస్ట్ అపాయింట్‌మెంట్, పేరెంట్-టీచర్ మీటింగ్ దాంట్లో ముందు ఎక్కాలి, ఫోరం కాల్ తర్వాత. ఫోరం క్యాలెండర్ కూడా ఇంట్లో వాళ్ళకి కనబడనివ్వండి. అకస్మాత్తుగా "ఇవాళ కాల్ ఉంది" అని చెప్పడం వల్ల వచ్చే గొడవల్లో సగం ఆగిపోతాయి. మిగతా సగానికి గూగుల్ దగ్గర కూడా మందు లేదు.

అమ్మానాన్నల తిథులు మాత్రం ఏ క్యాలెండరూ సరిగ్గా పట్టుకోదు. ఇక్కడి సూర్యోదయానికి ఉండే తిథి వేరు, ఇండియాలో వేరు. ఒక్కోసారి పండగ ఒకరోజు తేడాతో వస్తుంది. ఉగాదికి పంచాంగం చూసి, ఏడాదికి సరిపడా తిథులు చేత్తో ఎక్కించుకోవడమే మార్గం. పది నిమిషాల పని.

ఇక రెండో మాట, పని ఏమిటో ఎవరూ చెప్పరు అన్నది. టాస్క్ మేనేజ్‌మెంట్ కోసం ట్రెల్లో ఉంది, అసానా ఉంది, నోషన్ ఉంది. ఆఫీసులో జిరా ఎలాగూ తప్పదు. వాలంటీర్ పనికి ఇవేవీ వద్దు. కొత్త టూల్ నేర్చుకోవాలంటే కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిరోజే వెనక్కి తగ్గుతారు. ఒక షేర్డ్ షీటు చాలు. ఒక వరుసకి ఒక పని, దాని ఎదురుగా ఒక్క పేరు, ఒక తారీఖు. "టీమ్" అని రాయకూడదు, రెండు పేర్లు కూడా రాయకూడదు. ఇద్దరి పేర్లు ఉంటే ఒకళ్ళు చేస్తారని ఇంకొకళ్ళు ఊరుకుంటారు. పని చెయ్యలేకపోతే పేరు తీసేసుకోవచ్చు, దానికి సంజాయిషీ అడగకూడదు. ఈ చివరి నియమం చాలామందికి నచ్చదు, క్రమశిక్షణ పోతుందంటారు. నా అనుభవంలో, పేరు తీసేసుకునే వీలుంటేనే మనుషులు ధైర్యంగా పేరు రాస్తారు.

ఇప్పుడు వాట్సాప్ దగ్గరికి వద్దాం. నవ్వుతున్నారు, అంటే మీకూ బాధ ఉన్నట్టే.

వాట్సాప్ లేకుండా మన పని జరగదు. ఊళ్ళో రైతు అన్న దగ్గర ఉన్నది అదొక్కటే. తెలుగు టైపు చెయ్యడం రాకపోయినా వాయిస్ మెసేజ్ పెడతాడు, పాస్‌బుక్ ఫోటో తీసి పంపుతాడు. మన మెయిళ్ళు ఆయనకి అక్కర్లేదు. కాబట్టి వాట్సాప్ మానేద్దాం అనే మేధావి వాదనలో నేను లేను. కానీ అది వీధి అరుగు లాంటిది. అరుగు మీద కబుర్లు బాగుంటాయి గానీ, పంచాయతీ తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి. గ్రూపులో రాత్రి ఒక నిర్ణయం జరుగుతుంది, తెల్లవారేసరికి దాని మీద నలభై గుడ్ మార్నింగ్ పువ్వులు పడతాయి. నెల తర్వాత ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు, గుర్తున్న వాళ్ళు తలా ఒకలాగా చెబుతారు. అందుకని నా సూచన, వాట్సాప్‌లో తీసుకున్న ఏ నిర్ణయమైనా ఆ షీటులోకో డాక్యుమెంటులోకో ఎక్కేవరకూ నిర్ణయం కాదు.

అన్ని గ్రూపులూ మ్యూట్‌లో పెట్టండి, మన ఫోరంతో సహా. అత్యవసరం అయితే మనిషి ఫోన్ చేస్తాడు. ఐదొందల మంది ఉన్న గ్రూపులో ఒక్కరు "ఓకే సార్" అన్నా ఐదొందల ఫోన్లు మోగనక్కర్లేదు. ప్రకటనల కోసం వాట్సాప్‌లోనే 2022లో వచ్చిన కమ్యూనిటీస్ సదుపాయం వాడుకోవచ్చు. అందులోని ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాస్తారు, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఇది మన ఆడవాళ్ళ విషయంలో చాలా ముఖ్యం. మామూలు గ్రూపులో చేరిన మరుక్షణం ఆమె నంబర్ ముక్కూ మొహం తెలియని ఐదొందల మంది చేతిలో పడుతుంది. తర్వాత వచ్చే "హాయ్ మేడమ్" మెసేజ్‌లు ఆమె ఎవరికీ చెప్పుకోదు, గ్రూపులోంచి వెళ్ళిపోతుంది అంతే. మహిళల సంఖ్య ఎందుకు పెరగడం లేదని ఏటా చర్చ పెట్టుకుంటాం కదా, ఈ సెట్టింగ్ దగ్గర నుంచి మొదలుపెడదాం.

ఫార్వర్డ్‌ల సంగతి. 2018లో వాట్సాప్ వదంతుల వల్ల మన దేశంలో అమాయకులు మూక దాడుల్లో చనిపోయారు, ఆ ఏడాదే ఇండియాలో ఒక్కసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అయ్యేలా పరిమితి పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి బాగా చేతులు మారిన మెసేజ్ అయితే ఒక్కసారికి ఒక్క చాట్‌కే పోతుంది. రెండు బాణం గుర్తులు కనబడితే అది అలాంటిదని అర్థం. అది చూసినా మనవాళ్ళు ఆగరు. చదువుకున్న వాళ్ళం, అమెరికాలో ఉన్నవాళ్ళం పంపితే ఊళ్ళో దానికి విలువ ఎక్కువ. "అమెరికా బావ పంపాడు" అంటే చాలు, నిజమైపోతుంది. అందుకని ఫోటో వస్తే ముందు గూగుల్ లెన్స్‌లో వెతకండి, పాతదో వేరే రాష్ట్రందో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగులో కూడా నిజనిర్ధారణ ఇస్తుంది. ఆ తెలుగు లింకునే గ్రూపులో పెడితే వాదన తగ్గుతుంది. ఎదుటి పార్టీ వాళ్ళ మీద వచ్చినదైనా సరే, అబద్ధమైతే మన వాళ్ళే ముందు ఖండించాలి.

మన సమాచారం ఎవరి దగ్గర ఉంది అన్నది ఇంకో పెద్ద విషయం. ఇక్కడ కొంచెం ఆగుతాను.

2000 దశకంలో ప్రవాస తెలుగువాళ్ళ రాజకీయ చర్చలు చాలావరకు యాహూ గ్రూప్స్‌లో జరిగాయి. ప్రత్యేక రాష్ట్రం మీద, నీళ్ళ మీద, రైతుల ఆత్మహత్యల మీద, ఎన్నికల సంస్కరణల మీద ఎన్ని వేల ఉత్తరాలు! తిట్టుకున్నవీ ఉన్నాయి, మంచి మంచి లెక్కలు వేసి రాసినవీ ఉన్నాయి. 2019 అక్టోబర్‌లో యాహూ ఆ పాత సమాచారాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది, 2020 డిసెంబర్ 15న సర్వీసునే మూసేసింది. ముందుజాగ్రత్తగా దించుకున్న గ్రూపుల ఉత్తరాలు మిగిలాయి, మిగతావి పోయాయి. ఒక తరం వాదప్రతివాదాలు ఇంటి అటక మీద చెదలు పట్టినట్టు పోయాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. గూగుల్ రీడర్ 2013 జులైలో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. మనం ఎన్నో రాత్రులు అమ్మతో మాట్లాడిన స్కైప్ కూడా 2025 మే 5న మూతపడింది. ఇవేవీ దివాలా తీసిన కంపెనీలవి కావు. లాభం లేదనుకున్నారు, మూసేశారు. ఉచితంగా వాడుకున్న వాళ్ళకి అడిగే హక్కు ఏముంటుంది?

అందుకని ఏ టూల్ ఎంచుకున్నా నేను మొదట చూసేది, నా సరుకు మూట కట్టుకుని బయటికి తెచ్చుకోగలనా లేదా అని. గూగుల్ టేకౌట్ అని ఒకటి ఉంది, మెయిళ్ళు, ఫోటోలు, డాక్యుమెంట్లు అన్నీ దించుకోవచ్చు. రెండు నెలలకోసారి చొప్పున ఏడాది పాటు తనంతట తానే తయారుచేసి పెట్టేలా కూడా చెప్పొచ్చు. లింక్డిన్‌లో మీ పరిచయాల జాబితా దించుకోవచ్చు. వాట్సాప్ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఫోరం వరకు అయితే, సభ్యుల జాబితా, మెయిలింగ్ జాబితా, లెక్కలు ఏ ఒక్కరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు, ఆఫీసు ఖాతాలో అసలే ఉండకూడదు. నాకు తెలిసిన ఒక జిల్లా మిత్రమండలి జాబితా మొత్తం ఒకాయన ఆఫీసు మెయిల్‌లో ఉండేది. లేఆఫ్ రోజు ఆయన హెచ్ఆర్ గదిలోంచి బయటికి వచ్చేలోపే లాగిన్ ఆగిపోయింది. ఉద్యోగంతో పాటు ఏడేళ్ళ జాబితా పోయింది. ఫోరం పేరు మీద ఒక ఖాతా, దానికి ఇద్దరు తాళంచెవి దారులు, పదవీకాలం అయ్యాక పాస్‌వర్డ్ అప్పగింత, ఇది మన నియమావళిలో రాసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను.

మనిషే లేకుండా పోతే? మాట్లాడుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ కోవిడ్ రోజులు చూశాం కదా. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది. మూడు నెలల నుంచి ఏడాదిన్నర వరకు మీరు పెట్టిన గడువులో ఖాతా కదలకపోతే, మీరు చెప్పిన మనుషులకి మీరు చెప్పిన సమాచారం అందుతుంది. యాపిల్ వాళ్ళకి లెగసీ కాంటాక్ట్ ఉంది. రెండేళ్ళు వాడని సొంత ఖాతాల్ని గూగుల్ తీసేయడం 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టింది, కాబట్టి పాత ఫోటోలున్న ఖాతాల్లోకి అప్పుడప్పుడు వెళ్ళి రండి.

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు, 2017 నుంచి ఉన్న నియమం అది. ఐ-94 గడువు అంతకంటే ముందే ఉంటే అంత కూడా ఉండదు. ఆ 60 రోజుల్లో మొదటి పది రోజులు కాగితాల కోసం వెతుక్కోవడంలో పోగొట్టుకోకండి. ఐ-797 కాపీలు, పే స్లిప్పులు, డబ్ల్యూ-2లు, ఐ-140 అప్రూవల్ ఉంటే అది, అనుభవ పత్రాలు, ఇవన్నీ ఇవాళే మీ సొంత స్టోరేజ్‌లో ఒక ఫోల్డర్ చేసి పెట్టుకోండి. 2022, 23 లేఆఫ్‌లలో నా స్నేహితులు కొందరు తిప్పలు పడింది సరిగ్గా దీనికే. లింక్డిన్‌ని కూడా ఉద్యోగం పోయాక దుమ్ము దులిపే వస్తువులా చూడొద్దు. నెలకి ఇద్దరు పాత సహోద్యోగులకి, ఏ అవసరమూ లేనప్పుడు, బాగున్నారా అని రెండు ముక్కలు రాయండి. తద్దినానికి కూడా పిలవని చుట్టం అప్పుకోసం వస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఫోరం పని చెయ్యొద్దు. వాట్సాప్ వెబ్ కూడా తెరవొద్దు. అది కంపెనీ వస్తువు, అందులో ఏం జరిగినా చూసే హక్కు తమకుందని చేరిన రోజే మీ చేత సంతకం పెట్టించుకుని ఉంటారు.

ఈ మధ్య చాలామంది నన్ను పక్కకి పిలిచి అడుగుతున్న విషయం, సోషల్ మీడియా, వీసా. దాచుకోకుండా మాట్లాడుకుందాం. 2019 నుంచి డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో స్టూడెంట్ వీసాల వాళ్ళకి, 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులకి కూడా, ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమని, ఆన్‌లైన్ ఉనికిని పరిశీలిస్తామని చెప్పారు. ఆ డిసెంబర్‌లో స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్ళిన చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగి, అక్కడే చిక్కుకుపోయారు. నేను లాయర్‌ని కాను, మీ విషయంలో ఏం చెయ్యాలో మీ లాయర్‌ని అడగండి. మనిషిగా నా అభిప్రాయం చెబుతాను. ఫారంలో అబద్ధం రాయొద్దు. మీరు నమ్మి, మీ మాటల్లో రాసినదానికి నిలబడండి. చదవకుండా షేర్ చేసిన ఫార్వర్డ్ కోసం ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు పణంగా పెట్టడం మాత్రం వీరత్వం కాదు.

దీంట్లో ఫోరం బాధ్యత కూడా ఉంది. మన పోస్టుని షేర్ చెయ్యలేదని, తమ పేరుతో రాయలేదని వీసా మీద ఉన్న సభ్యుల్ని పిరికివాళ్ళని ఎగతాళి చెయ్యడం గ్రూపులో చూశాను. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ వచ్చిన పెద్దలు ఆ మాట అనడం చాలా తేలిక. ఎవరు ఏ హోదాలో ఉన్నారో దాన్ని బట్టి వాళ్ళు చెయ్యగల పని మారుతుంది. తెర వెనక లెక్కలు చూసేవాళ్ళు, జీవోలు చదివి తెలుగులో విడమర్చి రాసేవాళ్ళు మనకి మైకు పట్టుకునే వాళ్ళకంటే తక్కువగా ఉన్నారు. మన షీటులో పేరు బదులు పొడి అక్షరాలు రాసుకునే వీలు ఇద్దాం.

హోదా మాటకి వస్తే, భారత పౌరులు మాత్రమే చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. ఇక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు ఆర్టీఐ దరఖాస్తు పెట్టలేరు, ఓటు వెయ్యలేరు, భారతీయ పార్టీలకి చందా ఇవ్వలేరు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఫారం 6ఏ ద్వారా ఎన్నికల సంఘం పోర్టల్‌లోనే ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. 2010 చట్ట సవరణతో వచ్చిన హక్కు ఇది. కాకపోతే ఓటు వెయ్యాలంటే పాస్‌పోర్ట్ పట్టుకుని స్వయంగా మన ఊరి పోలింగ్ బూత్‌కి వెళ్ళాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద లక్షా పంతొమ్మిది వేల మందికి పైగా ప్రవాస ఓటర్లు నమోదైతే, వెళ్ళి ఓటు వేసింది మూడు వేల లోపు. వాళ్ళలోనూ అత్యధికులు కేరళ వాళ్ళు. రాజకీయాలు మాట్లాడటంలో మలయాళీలకి మనం తీసిపోం, నమోదులో మాత్రం చాలా వెనకబడ్డాం.

ఇక ఆర్టీఐ. నా దృష్టిలో ప్రవాస పౌరుడి చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి ఆన్‌లైన్ పనిముట్టు ఇదే. కేంద్ర ప్రభుత్వ శాఖలకి ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ 2013 నుంచి ఉంది. రుసుము పది రూపాయలు. రాష్ట్ర శాఖలకి దారి వేరు, అక్కడ ఊళ్ళో మిత్రుడి సాయం కావాలి. జాతీయ రహదారి కింద పొలం పోయి, పరిహారం లెక్క తేలక తిరుగుతున్న రైతు ఉన్నాడనుకోండి. ఆఫీసులో ఆయన్ని కూర్చోమనే వాళ్ళు కూడా ఉండరు. అదే ప్రశ్న మనం ఇక్కడినుంచి రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని 2005 చట్టం చెబుతోంది. కానీ మనవాళ్ళు దరఖాస్తు పెట్టి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టి, వంద లైకులు తీసుకుని మర్చిపోతారు. జవాబు రాకపోతే లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యాలి. దాని మీద నిర్ణయానికి 30 రోజులు, కారణాలు చూపిస్తే 45 వరకు. తర్వాత కమిషన్‌కి రెండో అప్పీలు, దానికి 90 రోజుల గడువు. ఈ తారీఖులు దాటితే ఆ రైతు మళ్ళీ మొదటికి వస్తాడు.

అందుకే నేను మొదట చెప్పిన క్యాలెండర్ ఇక్కడ పనికొస్తుంది. దరఖాస్తు పెట్టిన నిమిషంలోనే మూడు తారీఖులు ఫోరం క్యాలెండర్‌లో వేసెయ్యాలి, జవాబు గడువు, మొదటి అప్పీలు ఆఖరి రోజు, రెండో అప్పీలు ఆఖరి రోజు. ప్రతిదానికీ వారం ముందు గుర్తు చేసేలా. ఆహ్వానంలో దరఖాస్తు పెట్టిన మనిషినీ, ఇంకొకరినీ చేర్చాలి. మొదటివాళ్ళు సెలవుమీద ఇండియా వెళ్ళినా రెండోవాళ్ళకి మోగుతుంది. (ఒక పనికి ఒకే పేరు అన్నావు కదా అని ఎవరో అంటున్నారు. పని ఒకరిదే, గంట ఇద్దరికి.)

పాస్‌వర్డ్‌ల గురించి తొందరగా. బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి పెట్టుకోండి, ఉచితంగానే వస్తుంది. రెండో తాళంగా ఎస్సెమ్మెస్ కోడ్ కంటే ఆథెంటికేటర్ యాప్ మేలు. ఇండియా బ్యాంకు ఓటీపీ కోసం పాత నంబర్‌ని రీచార్జ్ చేస్తూ బతికించుకునే అవస్థ అందరికీ ఉంది. 2023 నుంచి అమెరికా, గల్ఫ్ దేశాలు కొన్నిటితో సహా పది దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి యూపీఐ అనుమతించారు, మీ బ్యాంకులో అడిగి చూడండి.

మనకంటే ప్రమాదంలో ఉన్నది అక్కడున్న అమ్మానాన్నలు. పిల్లలు విదేశాల్లో ఉన్నారని తెలిస్తే మోసగాళ్ళకి ఇంకా సులువు. "మీ అబ్బాయి పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్ కట్ చెయ్యొద్దు, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం" అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఇది అమ్మానాన్నలకి తెలుగులో, నిదానంగా, ఒకసారి కాదు నాలుగుసార్లు చెప్పండి. ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి, చిన్నప్పటి ముద్దుపేరో, పాత ఆవు పేరో. మీ గొంతుతో ఎవరైనా డబ్బడిగితే ఆ మాట అడగమనండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చెయ్యమని ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు తెర మీద ఉన్నది మన షీటు. పదకొండు వరుసలున్నాయి, ఏడింటికి పేర్లున్నాయి. నాలుగు ఖాళీ. అందులో ఒకటి నేను చెప్పిన రహదారి పరిహారం దరఖాస్తు, దాని మొదటి అప్పీలుకి ఇంకా పన్నెండు రోజులే ఉంది, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు కావాలి. ఇంకోటి శుక్రవారం ఉదయం ఏడింటి గల్ఫ్ కాల్ నడపడం. లింకు మీ మెయిల్‌కి వచ్చే ఉంటుంది. ప్రశ్నలు టిఫిన్ తింటూ అడగండి, వెనక టేబుల్ దగ్గరే ఉంటాను.